ఆనాటి రౌడీకి అద్దె ఇల్లుండేది

ఇప్పటి క్రైమ్ సినిమాల్లో నన్ను బాధపెట్టేది రక్తం కాదు. రక్తం మా రోజుల్లోనూ ఉండేది, కావలసినంత. నా బాధల్లా ఇప్పటి రౌడీకి ఇల్లు లేకపోవడం. పొద్దున లేచి ఎక్కడ మొహం కడుక్కుంటాడో తెలీదు. అన్నం ఎవరు వడ్డిస్తారో, ఒకటో తారీకున ఎవరికి ఎంత ఇచ్చుకోవాలో, జ్వరమొస్తే ఏ ఆర్ఎంపీ దగ్గరకి పోతాడో ఏమీ తెలీదు. పొగలోంచి నడిచొస్తాడు, వెనకాల కార్లు పేలతాయి, వందమందిని నరికి మళ్ళీ పొగలోకే వెళ్ళిపోతాడు. దీన్ని వీధి బతుకుల కథ అని ప్రచారం చేస్తారు. ఏ వీధి అది? ఆ వీధిలో కిళ్ళీకొట్టు ఏదీ? కుళాయి దగ్గర బిందెలు ఏవీ? పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూడదేం?

ఊరికే చాదస్తంకొద్దీ అంటున్న మాట కాదిది. బెజవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా పని చేసినవాణ్ణి నేను. ప్రింటు బాక్సు వెంట గుడివాడకో, నూజివీడుకో, బందరుకో పోవడం, హాలు దగ్గర కూచుని తెగిన టికెట్ల లెక్క చూసుకోవడం, రాత్రి ఆఖరాట అయ్యాక డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు, రాసి ఆఫీసుకి పంపడం, ఇదీ ఉద్యోగం. ఒకే సినిమా అన్నాటలూ చూడాల్సి వచ్చేది కాబట్టి, రెండో రోజు నుంచి తెర వదిలేసి జనాన్ని చూసేవాణ్ణి. ఏ సీనుకి ఈల పడుతుంది, ఏ సీనులో సిగరెట్టు కోసం బయటికి లేచిపోతారు, ఏ సీనుకి హాలు మొత్తం ఊపిరి బిగబడుతుంది, ఇవి ఏ డైరెక్టరుకన్నా మాలాంటి వాళ్ళకే ముందు తెలిసేవి. చిన్న బడ్జెట్ క్రైమ్ సినిమాని బతికించింది నేల టికెట్టువాడు. రిక్షా తొక్కేవాడు, మార్కెట్లో మూటలు మోసేవాడు, లారీ క్లీనరు. పక్క హాల్లో పెద్ద హీరో సినిమా ఆడుతున్నా వీళ్ళు ఈ హాలుకే వచ్చేవారు. తెర మీద కనిపించే సందు వాళ్ళు రోజూ నడిచే సందులాగే ఉండేది. అందుకే వచ్చేవారు.

మా ఊరి సంగతి చెప్పకుండా ఈ సినిమాల సంగతి చెప్పలేను. 1988 డిసెంబరు 26న మా ఊరి ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా గారిని నిరాహారదీక్ష శిబిరంలో చంపేశారు. ఆ తర్వాత తగలబడిన షాపులు, కర్ఫ్యూ, రాత్రి పూట వీధి చివర బూట్ల చప్పుడు, వీటిని చూసినవాళ్ళకి రౌడీయిజం అన్నది సినిమా విషయం కాదు, ఇంటి గుమ్మం దాకా వచ్చిన విషయం. పది నెలలు తిరక్కుండానే 1989 అక్టోబరు 5న ‘శివ’ విడుదలైంది. తీసిన రామ్ గోపాల్ వర్మ మా బెజవాడ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాడు. కాలేజీ రోజుల్లో చూసిన గొడవల్లోంచే ఆ కథ పుట్టిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు.

‘శివ’ని చిన్న సినిమా అనను. అన్నపూర్ణా స్టూడియోస్ బ్యానరు, నాగార్జున హీరో, ఇళయరాజా సంగీతం. కానీ తర్వాతి చిన్న సినిమాలన్నీ ఆ దారినే నడిచాయి. అంతకు ముందు మా విలన్లు గట్టిగా నవ్వేవాళ్ళు, రంగురంగుల లైట్లున్న డెన్నుల్లో కూచునేవాళ్ళు. రఘువరన్ వేసిన భవాని గొంతు పెంచడు. మామూలు చొక్కా వేసుకుని, తలనొప్పి ఉన్నవాడిలా, పక్కవాడికి రెండు ముక్కల్లో పని పురమాయిస్తాడు. ఆ నెమ్మదికి హాల్లో జనం జడుసుకోవడం నేను చూశాను. హీరో సైకిల్ చైను తెంపే సీను గురించి అందరూ చెప్పుకుంటారు గానీ, నాకు ఆ సినిమాలో గొప్పగా తోచింది అందులో కనిపించే నిచ్చెన. పైన మాచిరాజు లాంటి రాజకీయ నాయకుడు, వాడి కింద భవాని, భవాని కింద నానాజీ, గణేష్ లాంటి మనుషులు, వాళ్ళ కింద కాలేజీ యూనియన్‌లో జేడీ లాంటి కుర్రాడు. ఎలక్షన్‌కి పైనుంచి డబ్బు దిగుతుంది, కింది నుంచి భయం ఎక్కుతుంది. ఏ మెట్టు విరిగితే ఎవడు పడతాడో జనానికి అర్థమయ్యేలా చూపించారు. మా ఊళ్ళో ఆ నిచ్చెనని పేర్లతో సహా చెప్పగలిగినవాళ్ళు నేల టికెట్టులో బోలెడుమంది.

ఆ రోజుల్లోనే ‘అంకుశం’ వచ్చింది. కోడి రామకృష్ణ తీశారు, రాజశేఖర్ హీరో. అందులో నీలకంఠం వేషం వేసిన రామిరెడ్డి అంతకు ముందు జర్నలిస్టు. ఆ మొహం సినిమా మొహం కాదు. ఏ కోర్టు ఆవరణలోనో, ఏ తాలూకా ఆఫీసు వరండాలోనో కనపడే మొహం. అందుకే అంత భయం వేసింది. చివర ఆ మనిషిని నడిరోడ్డు మీద ఈడ్చుకుపోతుంటే హాల్లో జనం కుర్చీలెక్కారు. తెర మీద ఓడిపోయింది వాళ్ళకి తెలిసినవాడే.

ఈ రెండూ ఆడాక మా ఆఫీసుకి వచ్చే నిర్మాతలు మారిపోయారు. రైసు మిల్లువాడు, కాంట్రాక్టరు, చిట్టీల వ్యాపారి, ఎవరి చేతిలో నాలుగు డబ్బులుంటే వాళ్ళు రౌడీ సినిమా మొదలుపెట్టారు. పేర్లు కూడా గుర్తుండని సినిమాలు అవి. కథలో పస లేదు, హీరో ఎవరో హీరోకే తెలీదు. అయినా వాటిలో ఒకటుండేది. సెట్టు వేసే స్తోమత లేదు గనక లాడ్జి గదిలోనే తీసేవారు. రైల్వే యార్డు పక్కన, చేపల మార్కెట్ వెనక, కాలవగట్టు మీద తీసేవారు. జూనియర్ ఆర్టిస్టులకి బాటా ఇవ్వలేక నిజంగా రోడ్డున పోయే జనాన్నే వెనక ఉంచేసేవారు. కొంతమంది నడుస్తూ నడుస్తూ కెమెరా వంక చూసేవారు కూడా. ఆ చూపుల్ని ఎడిటింగ్‌లో తీసేయడానికి రెండో టేకు ఉండేది కాదు. నాలుగొందల అడుగుల ఫిలిం డబ్బా నాలుగున్నర నిమిషాల్లోపే ఖాళీ అవుతుంది, దాని ఖరీదు నిర్మాత గుండెల మీద ఉండేది. అందుకని నటులు ముందే నాలుగైదుసార్లు రిహార్సల్ చేసుకుని దిగేవారు. ఈ పేదరికం వల్ల చెత్త సినిమాలో కూడా ఆనాటి ఊరు మిగిలింది. ఇవాళ 1990ల నాటి బస్టాండు, ఎస్‌టీడీ బూతు, గోడల మీద రాతలు, చెక్క బెంచీల హోటలు చూడాలంటే ఆ పనికిరాని సినిమాల్లోనే చూడాలి. అప్పట్లో గొప్పవాళ్ళు తీసిన గొప్ప సినిమాలు ఊటీలో పాటలు పాడుకున్నాయి.

వర్మ నిర్మాతగా 1993లో ‘మనీ’ తీయించాడు. శివనాగేశ్వరరావు గారికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. జేబులో చిల్లిగవ్వ లేని ఇద్దరు కుర్రాళ్ళు డబ్బున్నావిడని కిడ్నాప్ చేస్తారు. నవ్వించే సినిమాయే. కానీ నేరం ఎక్కడ పుడుతుందో దాంట్లో ఉంది. అద్దెబాకీలోనూ, ఉద్యోగం ఇవ్వని ఆఫీసు మెట్ల మీదా పుడుతుంది. ఖాన్ దాదా వేషంలో బ్రహ్మానందం గారు నవ్వించింది కూడా రౌడీ అంటే మనలాగే ఆశలుండే మామూలు మనిషని చూపించబట్టే.

ఇక ‘సత్య’. 1998 జూలైలో విడుదలైంది. హిందీ సినిమా, బొంబాయి కథ. దర్శకుడు మనవాడు, హీరో చక్రవర్తి మనవాడు. రీరికార్డింగ్ చేసిన సందీప్ చౌతా అప్పటికే ‘నిన్నే పెళ్ళాడతా’తో మనకి తెలిసినవాడు. రాసింది అప్పటికి ఎవరికీ తెలియని అనురాగ్ కాశ్యప్, సౌరభ్ శుక్లా. పెద్ద తారల పారితోషికాల ముందు ఆ సినిమా మొత్తం ఖర్చు చిన్నది. నేను హైదరాబాదులో ఒక మార్నింగ్ షోలో చూశాను. ఇప్పటికీ దాని గురించి మాట్లాడమంటే పొద్దు గూకేదాకా మాట్లాడతాను.

సత్య అనేవాడు ఊరు కాని ఊరొచ్చి, గేదెల కొట్టంలో తల దాచుకుంటాడు. బార్‌లో వెయిటరు పని. మామూళ్ళ కోసం వచ్చినవాడికి ఇవ్వనంటాడు, దెబ్బలు తింటాడు, చెయ్యని నేరానికి జైలుకి పోతాడు. అక్కడ భికూ మ్హాత్రే పరిచయమవుతాడు. బయటికొచ్చాక చాల్‌లాంటి ఇంట్లో ఒక గది దొరుకుతుంది, పక్కగదిలో ఒక అమ్మాయి. హంతకుడు సైతం రాత్రి వాటాల మధ్య సన్నటి గోడకి ఇవతల పడుకుంటాడు. భికూని చూడండి. గ్యాంగ్ లీడరు. ఇంటికి వెళ్ళేసరికి భార్య ప్యారీ తిడుతుంది, చెయ్యెత్తితే తిరిగి చెయ్యెత్తుతుంది, మరుక్షణం ఇద్దరూ నవ్వుకుంటారు. పిల్లలకి స్కూలుంది. మనోజ్ బాజ్‌పేయి ఆ వేషానికి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. చివరికి ఆ భికూని భావూ అనే రాజకీయ నాయకుడు కబుర్ల మధ్యలోనే కాల్చేస్తాడు. సంగీతం ఉబకదు, స్లో మోషన్ లేదు. ఒక మనిషి కింద పడతాడు, అంతే. నా పక్క సీట్లో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అది సినిమా చావు కాదు, పేపర్లో మూడో పేజీలో చదివే చావు.

ఆ సినిమా తయారవుతున్న రోజులు కూడా అలాంటివే. 1997 ఆగస్టులో అంధేరీలో గుడి బయట గుల్షన్ కుమార్‌ని కాల్చి చంపారు. ఎవరికి ఎప్పుడు ఫోనొస్తుందోనని బొంబాయి సినిమావాళ్ళు వణికిపోతున్నారు. సినిమాకి పరిశ్రమ హోదా ఇస్తున్నట్టు కేంద్రం ప్రకటించిందే 1998లో. అంతవరకూ నిర్మాతకి బ్యాంకు అప్పు పుట్టేది కాదు, వడ్డీవ్యాపారుల డబ్బుతో, మూలం ఏమిటో అడక్కూడని డబ్బుతో సినిమాలు నడిచేవి. మాఫియా గురించి తీసిన సినిమావాళ్ళు మాఫియా నీడలోనే షూటింగ్ చేశారన్నమాట. ఆ భయం కెమెరాలోకి ఎక్కింది. వానలో, గణపతి నిమజ్జనం జనంలో, ఇరుకు మెట్ల మీద, గెరార్డ్ హూపర్ అనే అమెరికన్‌తో, మజహర్ కమ్రాన్‌తో ఫోటోగ్రఫీ చేయించారు. బొంబాయిని కొత్తగా చూసే కన్ను ఒకటి, పుట్టి పెరిగినట్టు చూసే కన్ను ఒకటి. ఆ తర్వాత వర్మే తీసిన ‘కంపెనీ’ పెద్దది, తళుకుగలది, నాకు గౌరవమే. ప్రేమ మాత్రం ‘సత్య’ మీదే.

అంతకు పదేళ్ళ ముందే 1988లో మీరా నాయర్ ‘సలాం బాంబే’ తీసింది. అది ఈ కోవలోది కాదు, అంతకన్నా పైమెట్టు. బొంబాయి వీధి పిల్లల్నే పోగుచేసి, వాళ్ళకి వర్క్‌షాపు పెట్టి, వాళ్ళ చేతే వేయించింది. కాన్స్‌లో కెమెరా డోర్ వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఆ సినిమా అయ్యాక వీధి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్టు పుట్టడం. సినిమా ఆ వీధి దగ్గర తీసుకున్నది ఆ వీధికి కొంత తిరిగిచ్చింది.

ఆనాటివన్నీ మంచివని నేను అనను. మా వ్యాపారమే వాటిని పాడు చేసింది. నాలుగు రీళ్ళ తర్వాత ఒక బలాత్కారం సీను ఉండాలని బయ్యర్లు అడిగేవారు, పోస్టర్ మీద ఆ బొమ్మే వేసేవారు. హీరో పగ తీర్చుకోడానికి చెల్లెలు చావాలి. అవి ఎంత సహజంగా తీసినా వాటిని వెనకేసుకు రాను. నాకు అప్పుడూ అసహ్యమే, ఇప్పుడూ అసహ్యమే. ఇప్పటివాళ్ళు ఆ కాలపు నిజాయితీని వదిలేసి ఈ రోగాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. ఓటీటీలో క్రైమ్ సిరీస్ పెట్టండి, మొదటి ఎపిసోడ్ మొదటి నిమిషంలో ఒక ఆడపిల్ల శవం. ఎనిమిది ఎపిసోడ్లు అయ్యాక ఆ పిల్లకి ఏ కూరంటే ఇష్టమో కూడా మనకి తెలియదు.

ఈ తరహా సినిమా బతికి చచ్చే తీరు అన్ని చోట్లా ఒకటే అనిపిస్తుంది. అమెరికాలో 1971లో మెల్విన్ వాన్ పీబుల్స్ అనే నల్లజాతి దర్శకుడు ఏ స్టూడియో అండా లేకుండా, సొంత డబ్బు పెట్టి, చాలకపోతే అప్పు చేసి, తనే హీరోగా ఒక సినిమా తీశాడు. పోలీసుల నుంచి పారిపోయే నల్లవాడి కథ. మొదట రెండే రెండు హాళ్ళు దొరికాయి, డెట్రాయిట్‌లో ఒకటి, అట్లాంటాలో ఒకటి. జనం విరగబడ్డారు. వెంటనే పెద్ద కంపెనీలు కళ్ళు తెరిచి అలాంటివి వరసగా తీశాయి. తార్చేవాళ్ళు, మత్తుమందు అమ్మేవాళ్ళు హీరోలయ్యారు. కొన్ని చాలా మంచివి, కర్టిస్ మేఫీల్డ్ పాటలున్న ‘సూపర్ ఫ్లై’ లాంటివి. నల్లజాతి హక్కుల సంఘాలవాళ్ళే ఇవి మా పిల్లల్ని చెడగొడుతున్నాయని తిరగబడ్డారు. దశాబ్దం సగం దాటేసరికి ఆ వరద ఆగిపోయింది. వీధివాడి చేతిలోంచి కెమెరా జారి, డబ్బున్నవాడి చేతిలో పడింది. మన దగ్గర జరిగిందీ అదే.

ఇప్పటి సంగతికొస్తాను. ‘పుష్ప’ మొదటి భాగం 2021లో వచ్చింది. హీరో ఎర్రచందనం కొట్టే కూలీగా మొదలవుతాడు. చిన్న ఇల్లు, తల్లి, ఇంటిపేరు లేదన్న గాయం, భాష చిత్తూరుది. ఆ మొదటి అరగంట నాకు నిజంగా నచ్చింది. ఆ తర్వాత ఎలివేషన్ మొదలైంది. కుర్రాళ్ళు వాడే మాటే అది. హీరోని లేపాలి, ఇంకా లేపాలి, నేల కనపడనంత ఎత్తుకి లేపాలి. రెండో భాగం మూడు గంటలు దాటి నడిచింది, హీరో భూమికి చాలా ఎత్తులో ఉన్నాడు. అల్లు అర్జున్ కష్టపడ్డాడు, నటనకి జాతీయ అవార్డూ వచ్చింది, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు వేరే. 2015 ఏప్రిల్ 7న ఆ కథ నడిచే శేషాచలం అడవుల్లోనే, చంద్రగిరి దగ్గర, పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. తమిళనాడు తిరువణ్ణామలై, ధర్మపురి ప్రాంతాల నుంచి చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళు. ఎర్రచందనం నేరం అంటే వాళ్ళే. దుంగ నరికి, భుజాన మోసి, చచ్చిపోయేవాళ్ళు. మా రోజుల్లోని ఏ అప్పులపాలైన నిర్మాతకైనా ఆ కథ చెబితే ఆ ఇరవైమందిలో ఒకడి వెంట కెమెరా నడిచేది. బస్సెక్కించిన మేస్త్రీ ఎవరు, అడ్వాన్సు ఎంతిచ్చాడు, సంచిలో ఏం మూట కట్టుకున్నాడు, ఫోన్ ఎప్పుడు ఆగిపోయింది. వందల కోట్లు పెట్టి తీసిన సినిమాలో వాడు దుంగ కింద కనపడకుండా పోయాడు.

‘కేజీఎఫ్’ కూడా అంతే. ఆ సినిమాకి పేరిచ్చిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ గనుల్లో దిగినవాళ్ళలో తమిళులు, మన చిత్తూరు వైపు తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్నారు. లైను ఇళ్ళల్లో కాపురాలు, ఊపిరితిత్తుల్లో గనిదుమ్ము, ఒక్కసారిగా పోయిన ఉద్యోగాలు. ఇంత నిజం పెట్టుకుని, నల్లటి సెట్టు మధ్యలో నల్లటి బట్టలేసుకున్న ఒక దేవుణ్ణి దింపారు. గనివాళ్ళు చేతులు జోడించడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ‘శివ’లో నిచ్చెన ఉండేదన్నానే, ఇప్పుడు నిచ్చెన లేదు. ఒక్క హీరో, కింద గుంపు.

ఎవరి కోసం తీస్తున్నారో చూస్తే ఇది ఎందుకిలా అయిందో తెలుస్తుంది. మా నేల టికెట్టువాణ్ణి హాల్లోంచి ముందు బయటికి పంపేశారు. ‘పుష్ప’ రెండో భాగం ముందురోజు ప్రీమియర్ ఆటకి మామూలు ధర మీద 800 రూపాయలు పెంచుకోమని తెలంగాణలో అనుమతిచ్చారు. మూటలు మోసేవాడికి అది రోజు కూలి. కూలీ కథ చూడ్డానికి కూలీ రాలేడు. వాడు రాకపోతే, ఇది మా వీధిలో ఇలా ఉండదురా అని అరిచేవాడు హాల్లో ఉండడు. ఆ అరుపు ఒకప్పుడు మా డీసీఆర్‌లో కలెక్షన్‌గా కనపడేది, నిర్మాత దాన్ని చూసి దిద్దుకునేవాడు. ఇప్పుడు మొదటి మూడు రోజుల్లో లెక్క తేలిపోతుంది. ఎవడేమన్నా వినే తీరికెక్కడుంది?

ఓటీటీ వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. సెన్సారు గొడవ లేదు, పాటలు అక్కర్లేదు, హాళ్ళు దొరకవన్న బెంగ లేదు, మళ్ళీ చిన్న సినిమాకి రోజులొచ్చాయి అనుకున్నాను. వచ్చిందేమిటి? బూతులు. ‘మీర్జాపూర్’ దగ్గర్నించీ అదే వరస. మన వెంకటేష్ గారు వేసిన ‘రానా నాయుడు’ని ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి చూడలేక ఎంతమంది కట్టేశారో మీకు తెలుసు. వీధివాళ్ళు నోరు తెరిస్తే బూతులే మాట్లాడతారని ఈ రచయితలకి ఎవరు చెప్పారు? నేను బస్టాండుల్లో, లాడ్జిల్లో, హాలు సైకిల్ స్టాండుల్లో బతికినవాణ్ణి. రౌడీ ఎస్సైతో ఒక భాష మాట్లాడతాడు, వడ్డీవాడితో ఒక భాష, తల్లితో మరో భాష, చంపబోయేవాడితో అన్నిటికన్నా మర్యాదగా మాట్లాడతాడు. ‘ఏమన్నా, అన్నం తిన్నావా’ అని అడిగి మరీ పొడిచినవాళ్ళున్నారు. ఆ తేడాలు వినాలంటే అక్కడికి వెళ్ళి కూచోవాలి. గదిలో కూచుని రాస్తే బూతులే వస్తాయి.

ఈ మధ్య మంచివి రాలేదా అంటే వచ్చాయి. మలయాళంలో 2017లో ‘అంగమాలి డైరీస్’ తీశారు. 86 మంది కొత్తవాళ్ళు, పంది మాంసం వ్యాపారం చుట్టూ కథ, చివర పదకొండు నిమిషాల ఒకే షాటు. ఆ ఊరి వాసన కొట్టింది. దాన్ని మన పాతబస్తీకి తెచ్చి విశ్వక్ సేన్ ‘ఫలక్‌నుమా దాస్’ తీశాడు, అరువు కథే అయినా కుర్రాడు గల్లీలోకి దిగాడు. కరుణకుమార్ ‘పలాస 1978’ వీటన్నిటికన్నా నాకు పెద్దది. శ్రీకాకుళం యాస, ఇద్దరు దళిత అన్నదమ్ములు, చేతిలో కత్తి ఎవరు పెట్టారో, అది ఎవరి పనికి ఉపయోగపడిందో దాచకుండా చెప్పింది. 2020 మార్చి మొదట్లో విడుదలైంది. రెండు మూడు వారాలకల్లా కరోనాతో హాళ్ళన్నీ మూసేశారు. అలాంటి సినిమాకి మెల్లగా నోటి మాట మీద జనం పెరుగుతారు. ఆ టైము దానికి దక్కలేదు. నాకు ఆ బాధ ఇంకా ఉంది.

వర్మ సంగతి అడుగుతారు. 2025 జనవరిలో ‘సత్య’ని మళ్ళీ హాళ్ళలో వేశారు. అది చూసి తనకి కన్నీళ్ళొచ్చాయని, ఆ విజయం తర్వాత దారి తప్పానని, ఇకపై దర్శకుడన్న మాటకి గౌరవం తెచ్చే సినిమాలే తీస్తానని ఆయనే బహిరంగంగా రాశాడు. మధ్యలో ఆయన తీసినవాటి గురించి నేను చాలా కోపంగా మాట్లాడినవాణ్ణి. బెజవాడ కథ ‘వంగవీటి’ని ఆయన తీస్తే మా ఊరిని వెతుక్కున్నాను, దొరకలేదు. కానీ ఆ మాట రాసినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. మాట నిలబెట్టుకుంటే చూసేవాళ్ళలో నేనూ ఉంటాను.

వస్తువు లేదనే మాట మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు. ఇవాళ వీధి నేరం కత్తి వదిలేసి ఫోన్ పట్టుకుంది. లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకున్న ఆడపిల్ల ఫోటోని మార్ఫింగ్ చేసి ఆమె బంధువులందరికీ పంపే కుర్రాడు కూడా ఎక్కడో ఒక అద్దె గదిలోనే కూచుని ఉంటాడు, వాడికీ టార్గెట్టు, వాడి మీదా ఒక మేనేజరు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసు సంగతి చూడండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు మన కుర్రాళ్ళని పంపారు, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోని జనానికే ఫోన్లు చేసి మోసం చెయ్యమని కూచోబెట్టారు. చెయ్యకపోతే దెబ్బలు, తిండి లేకపోవడం. మోసం చేసేవాడూ వాడే, మోసపోయినవాడూ వాడే. సత్య గేదెల కొట్టంలో పడుకున్నాడు, వీడు సరిహద్దు ఊళ్ళో తాళం వేసిన భవనంలో పడుకున్నాడు. ఇంత కథ ‘శివ’ నాటికి మాకు దొరకలేదు.

దానికి సెట్టు అక్కర్లేదు. ఒక మేడ, ఇరవై కంప్యూటర్లు, ముప్పై మంది కొత్త మొహాలు, గాజువాకలో ఒక తల్లి ఇల్లు చాలు. కెమెరా ఇవాళ అందరి చేతుల్లో ఉంది, డబ్బా ఫిలిం ఖరీదు గుండెల మీద లేదు. ఎవరైనా కుర్రాడు ఆ సినిమా తీస్తే గాంధీనగర్‌లో నాకు తెలిసిన ఆఫీసులు ఇంకా కొన్ని మిగిలున్నాయి. బెజవాడ, గుడివాడ, ఏలూరుల్లో మొదటి రెండు వారాలకి హాళ్ళు ఇప్పించే పూచీ నాది. టికెట్టు మాత్రం మూటలు మోసేవాడు కొనగలిగే ధరకే ఉండాలి.